బోరు కాడ పెట్టె

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడాది. బొల్లాపల్లిలో మా మిరపతోటకు మాత్రం బోరు నీళ్లే గతి. నరసరావుపేటలో ఇంజనీరింగు చదివే నా మనవరాలు సబీహా, ఆ బోరు స్టార్టరుకు ఒక పెట్టె చేసి తగిలించింది. కరెంటు రాగానే అది నాకు ఫోను చేయాలి, నీళ్లు అందకపోతే మోటారు ఆపాలి. దాని లోపలి ప్రోగ్రాం తనే రాసింది. అది చూపించి, అలాంటి పెట్టెలు చేసే హైదరాబాదు కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కు అప్లికేషన్ పెట్టింది. వాడే రైతుతో మాట్లాడతామని వాళ్లు నా నంబరు తీసుకున్నారు. సబీహా ఇంటికి వస్తూనే అడిగింది.

“తాతా, కంపెనీవాళ్లు ఫోన్ చేశారా?”

“చేశారు. ఎవరో మేడం.”

“నేను నేర్పిన మాట చెప్పావా?”

“చెప్పా. పెట్టె చానా బాగా పనిచేస్తంది అన్నా.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది. ఫోను పెట్టేయబోయా.”

“పెట్టేశావా?”

“లేదు. ఆమె పెట్టలా, మాట్లాడలా. నేనూ ఊరుకున్నా. ఆమె గూడా ఊరుకుంది. నాకంటే తక్కువ మాట్లాడే మనిషి ఇంతవరకు తగల్లా సబీహా. ఓడిపోయా.”

“ఓడిపోయి ఏం చెప్పావు?”

“కొంచెమే.”

“ఏంది ఆ కొంచెం?”

“ఎండకు పెట్టె కాలతంటే తడి గోతాం కప్పానని.”

“కరెంటు పెట్టె మీద తడి గోతామా?”

“బర్రెకు కప్పట్లా?”

“ఇంకా?”

“దాని వైరుకు అన్నం క్యారేజీ తగిలించానని. క్యారేజీకి చీమలు పట్టినయ్. మందు చల్లా. పెట్టెలోకి గూడా కొంచెం.”

“అందుకేనా మొన్న ఆగిపోయింది?”

“మందుకు పూర్తిగా ఆగలా, మొరాయించింది. ఒక దెబ్బేస్తే నా ఫోను మళ్లీ మోగింది. రెండో దెబ్బకు ఆగింది.”

“నా ప్రోగ్రాంలోనే తప్పుందని నిద్రపోలేదు తాతా. ఎన్ని కంపెనీలకు పెట్టానో. పలికింది వీళ్లొక్కళ్లే.”

“అదే ఆమెతో అన్నా. పిల్ల తప్పు లేదమ్మా, మూడో తరగతితో ఆగినోణ్ణి, ఆ పెట్టెకు నా చేతులు పడవని.”

“ఆమె ఏమంది?”

“నవ్వింది.”

“నవ్విందంటే అయిపోయినట్టే.”

“నవ్వి, అప్పుడు మాట్లాడింది. వాళ్ల పెట్టెలు ఆఫీసులో బ్రహ్మాండంగా పనిచేస్తయ్యంట. చేలో పెడితే నెల తిరక్కుండా వాపసు వస్తయ్యంట. ఏం చేశావని ఏ రైతును అడిగినా, నేను ముట్టుకోలేదంటాడంట.”

“అయితే?”

“వేసవికి తీసుకుంటాం అంది.”

“నన్నా?”

“నిన్నే. కాకపోతే హైదరాబాదు పోయే పని లేదు.”

“మరి ఎక్కడ?”

“ఇక్కడే, మన బోరు కాడ. నేను పాడుచెయ్యలేని పెట్టె నువ్వు చెయ్యాలంట. పాడుచెయ్యటానికి నన్ను పెట్టుకున్నారు.”

మర్నాడు పొద్దున్నే, కరెంటు లేని వేళ చూసుకొని, మందు కొట్టే డబ్బా నిండా నీళ్లు పోసి భుజాన తగిలించుకున్నాను. మిరప సాళ్లు దాటి, సబీహా రాత్రే బాగుచేసి బిగించిన పెట్టె మీద నేరుగా నీళ్లు కొట్టాను.