చివరి బండి

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను, చెయ్యింకా నెమ్మదే.

శనివారం పొద్దున, చదును చేసిన మంచుబాట మొదట్లో మా గుంపులో ఒకావిడ తన స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, ఎక్కింది. మరిది అడ్డంగా నిలబడ్డాడు.

"చివర నువ్వొద్దు వదినా. మధ్యలో రా."

"చివరి చోటు మీ అన్నది. ఆయన పోయాక నాది."

"చివరి బండివాళ్ళు పిడికిలి చూపాలి, వెనక ఎవరూ లేరని. పోయినవారం నువ్వు ఒక వేలు చూపావు. వెనక ఇంకో బండి వస్తుందనుకుని ఎదురొచ్చినవాళ్ళు ఆగి, చలిలో కొయ్యబారిపోయారు."

"ఇన్నేళ్ళూ నా వెనక మీ అన్న వచ్చాడు. వేలు దానంతటదే లేచింది."

"అందుకే, నా బండి మీద వెనక కూర్చో."

"మూటలా కూర్చోడానికి రాలేదు. నీకు బండి నేర్పిందెవరు?"

"నువ్వే. తిట్లు కూడా."

"తప్పుకో మరి, తిట్లు మళ్ళీ నేర్పక ముందే!"

అతను నవ్వుతూ ముందుకెళ్ళాడు. మలుపులో బండ్లు ఎదురొచ్చాయి. ఆమె వేలు లేవబోయింది. దాన్ని ముడిచి, పిడికిలి బిగించి, తలకన్నా ఎత్తుగా లేపింది. వాళ్ళు ఆగకుండా సాగిపోయారు.

ఐలి మాకెల, డెబ్భై ఒకటి, ప్రస్తుతం హాంకాక్, మిషిగన్.