హట్‌బే దాకా సాగిన ఓడ

"ఇది చాలా చిన్న పని, చెప్పుకోవడానికేం లేదు," అంటూనే మణికుమార్ టీగ్లాసు పక్కన పెట్టి స్టూలెక్కాడు.

పోర్ట్ బ్లెయిర్ పక్కన ఆస్టినాబాద్‌లో కన్నారావు టీకొట్టు ముందు అప్పటికి పదీ ఇరవై అయింది. ఓడ టికెట్ల సైటు పదింటికి తెరుస్తారు. నర్సు కళ్యాణి అప్పట్నించీ ఫోను నొక్కుతూనే ఉంది. రేపు సాయంత్రంలోగా హట్‌బే దీవి ఆసుపత్రిలో డ్యూటీకి చేరకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. ఓడ తప్ప దారి లేదు.

"తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది భయ్యా," అంది.

"తిరగనీ! ఆ సైటు వెనకున్న బుర్ర నాది. ఇదివరకు ఏమయ్యేది? పదింటికి ద్వీపాలన్నీ ఒక్కసారే నొక్కేవి. మా ఓడ టికెట్ల ఆఫీసులో ఉన్నవి నాలుగు కంప్యూటర్లు, నాలుగూ ఒక్కసారే చతికిలపడేవి. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పెద్దింజనీరేమో, 'మీ చిన్న ఊళ్లకి ఇంతే చాలు' అన్నాడు. నాకు ఒళ్లు మండింది! దున్నేవాడిదే భూమి అయితే నొక్కేవాడిదే టికెట్ కాదా? క్యూలు నశించాలి! ఆ రోజే అయిదేళ్ల బుకింగ్ వివరాలన్నీ మిషన్‌కి నూరిపోశాను. ఏ వారం ఓడ ఉంది, ఎప్పుడు తుఫాను హెచ్చరిక ఎత్తేశారు, బడి సెలవులెప్పుడు, అన్నీ. జనం ఎప్పుడు ఎగబడతారో అదే నేర్చుకుంటుంది. వాళ్లు రాకముందే కావలసినన్ని కంప్యూటర్లను లేపుతుంది, పోగానే పడుకోబెడుతుంది. మనిషి చెయ్యి పడక్కర్లేదు. మొదటిరోజు నాలుగు కాస్తా ఆరయ్యాయి, అంతే."

"రెండేనా పెరిగింది?" అన్నాడు కన్నారావు.

"మొదటిరోజు కదన్నా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి తెలివి ముదిరింది. ఫెరార్గంజ్‌లో ఎవరైనా ఎండుచేపలు మూట కడితే చాలు, 'వీళ్లు హట్‌బే చుట్టాలింటికే' అని పసిగట్టి, వాళ్లు ఫోను తీసేలోపే వాళ్లకోసం ఒక కంప్యూటర్ని లేపి కూచోబెట్టేది. ఒక ముసలాయనకైతే, వెళ్లాలని అనుకోకముందే టికెట్ వచ్చేసింది. వచ్చింది కదా అని ఆయన వెళ్లొచ్చాడు కూడా!"

"మూట సంగతి దానికెలా తెలిసిందిరా?" చేపలు అమ్ముకునే యర్రమ్మ తన ఖాళీ గంప మీద చెయ్యేసుకుని అడిగింది.

"మెషీన్ లెర్నింగ్ అంటే అదే పిన్నీ! ఇంతలో పూజల సెలవులొచ్చాయి. మా కంప్యూటర్లు చాల్లేదు, పక్కాఫీసువి లేపింది. అవీ చాలక రంగత్ బజార్లో కిరాణా కొట్టువాడి కాలిక్యులేటర్ని లేపింది. పాపం వాడు బెల్లం ధర కడుతుంటే 'సీటు నలభై రెండు, కిటికీ పక్క' అని చూపించింది! చెన్నై నుంచి సముద్రం అడుగున వచ్చే కేబుల్ ఉందే, అది కొండచిలువలా ఉబ్బింది. తిమింగలాలు పక్కకి జరిగి దారిచ్చాయి. కసమ్ సే, ఒట్టు!"

"అన్నీ పెరిగాయి సరే, ఓడలో సీట్లు నాలుగొందలే కదా?" కళ్యాణి ఫోను మీంచి తలెత్తలేదు.

"అక్కడికే వస్తున్నా! నాలుగొందల సీట్లు, నాలుగు వేలమంది జనం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటర్లని పెంచి పెంచి అలవాటైన మిషన్ ఏకంగా ఓడనే పెంచేసింది! నిమిషానికో వరస సీట్లు. సాయంత్రానికి ఓడ తోక పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో, ముక్కు హట్‌బే జెట్టీలో! ఇక నడపడానికేముంది? కెప్టెన్ అలిగి పడుకున్నాడు. ఇటు ఎక్కినవాళ్లు డెక్కు మీదే నడిచి అటు దిగిపోయారు, దారిలో మూడు చోట్ల టీ తాగారు. రద్దీ తగ్గగానే ఓడ మళ్లీ ముడుచుకుంది, నింపాదిగా నడిచినవాళ్లు కాస్త పరుగెత్తాల్సొచ్చింది, అంతే. ద్వీపాల బుర్ర అంటే అదీ! రేపు హట్‌బేలో నా ఉపన్యాసం. 'క్యూ లేని సమాజం' అని బ్యానరు కూడా కట్టారు."

కళ్యాణి ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది. "నాకు ఒక్క సీటు తీసిపెట్టండి చాలు."

మణికుమార్ నొక్కాడు. చక్రం తిరిగింది. మళ్లీ నొక్కాడు. "మిషన్ ఆలోచిస్తోంది," అన్నాడు.

"అదాలోచించే లోపు నేనొకటి అడుగుతాను," అంది యర్రమ్మ. "ఇవాళ పొద్దున్న అయిదింటికే జెట్టీ కౌంటరుకెళ్లాను. రేపటి ఓడ కావలసినవాళ్లు రాసుకోమని అక్కడ ఊచలకి నోటుబుక్కు కడతారు కదా, అందులో పేరు రాశాను. పదకొండుకి ఆ వరసలోనే పిలిచి టికెట్లిస్తారు. నాది ఎనిమిదో పేరు. ఏడోది నీది, ఇంటిపేరుతో సహా. అంత మిషన్ చేసినోడివి, నాకంటే ముందు లేచి క్యూలో పేరెందుకు రాశావురా?"

పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా నవ్వాడు కన్నారావు. మణికుమార్ స్టూలు దిగాడు.

"అది... బ్యాకప్ పిన్నీ."

కళ్యాణి అప్పటికే బ్యాగు భుజానికి తగిలించుకుంది. "అయితే ఆ ఏడో నంబరు నాకిచ్చెయ్యండి భయ్యా. మీకు మిషన్ ఉందిగా."

మణికుమార్ ఆమె వైపు చూశాడు, ఇంకా తిరుగుతున్న చక్రం వైపు చూశాడు. ఫోను ఆమెకి తిరిగిచ్చేశాడు.

"పదరా నాయనా," అంటూ యర్రమ్మ ఆటోని కేకేసింది. "అక్కడ పేరు మార్చాలంటే రాసినోడే వచ్చి కొట్టెయ్యాలి."