ప్లిమత్ బండికి ట్రాక్టరు ఆల్టర్నేటరు

"కాఫీ చిక్కగా పొయ్ నెరెయ్డా, నేను ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పే మనిషిని కాను," అన్నాడు ఎవేలియో, కాఫీ కొట్టు బల్ల ముందు కూర్చుంటూ. "నా ప్లిమత్ కారు యాభై ఒకటో సంవత్సరం బండి. దాని పాత డైనమోకి లైట్లేస్తే వైపర్ ఆగేది, వైపర్ వేస్తే లైట్లు మినుకుమనేవి. అందుకని ఇంకా ఎక్కువ కరెంటు పుట్టించే ట్రాక్టరు ఆల్టర్నేటరు తెచ్చి నా చేతుల్తో బిగించాను. ఈ బండికి సరిపడదన్నాడొక పెద్దమనిషి, అందరి ముందూ. పేరు చెప్పను. పదకొండేళ్లుగా చెప్పలేదు."

బల్ల ఆ చివర్న కూర్చున్న రిగోబెర్తో తలెత్తకుండా అన్నాడు. "ఆ పెద్దమనిషి ఇక్కడే ఉన్నాడని ఎవేలియోతో చెప్పమ్మా నెరెయ్డా."

"వినపడలేదని చెప్పు. తుఫాను రోజు, మధ్యాహ్నం మూడింటికే చీకటి, మా అమ్మాయి యమీలాకి పురిటినొప్పులు. కమగ్వే ఆసుపత్రి డెబ్బై కిలోమీటర్లు. తాళం తిప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా లైట్ల వెలుక్కి తెల్లారిందనుకుని దారిపొడుగునా కోళ్లు కూశాయి. దారిలో మినాస్ ఊళ్లో కరెంటు లేదు, నేను దాటుతుంటే ఇళ్లల్లో ఫ్యాన్లు తిరిగాయి."

"తీగ లేకుండానా?" అంది నెరెయ్డా, కాఫీ వంచుతూ.

"తీగెందుకు, కరెంటు పొంగి రోడ్డు మీదికి పొర్లుతుంటే. మూతబడ్డ చక్కెర మిల్లు నా హారన్ విని చెరుకాడింది. తుఫానుకే కళ్లు చెదిరి సముద్రంలోకి మళ్లింది. నా మనవరాలు పుడుతూనే కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ బండికి రోజూ దండం పెడతాను, నా బిడ్డనీ దాని బిడ్డనీ నిలబెట్టింది."

రిగోబెర్తో కప్పు కింద పెట్టి, పదకొండేళ్లకి మొదటిసారి ఇటు తిరిగాడు.

"ఒరే ఎవేలియో, నీ పాత బండికి బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపి ఉంటుంది. ఆ ట్రాక్టరు సామానుకైతే మైనస్సు బాడీకి కలపాలి. తీగలు మార్చకుండా తాళం తిప్పావు. పొగ తప్ప ఏ వెలుగూ రాలేదు. యమీలాని ఆసుపత్రికి తీసుకెళ్లింది నా జీపు. నువ్వు వెనక సీట్లో ఏడుస్తూ వచ్చావు. అప్పట్నించీ నాతో మాట మానేశావు. ఎందుకు?"

ఎవేలియో మీసం దువ్వుకున్నాడు.

"డెబ్బై కిలోమీటర్లలో ఒక్కసారి కూడా 'చెప్పానా' అనలేదురా నువ్వు. అనుంటే నాలుగు తిట్టి, చేతులు పట్టుకునేవాణ్ణి. అనలేదు. అది ఏ మనిషి తట్టుకుంటాడు?"

"సరే. చెప్పానా."

ఎవేలియో ఒక్కటీ తగ్గకుండా నాలుగూ తిట్టి, లేచి వెళ్లి అతని చేతులు రెండూ పట్టుకున్నాడు.