డాక్టరుగారి జావా

1976 జూన్ 12, శనివారం. మృగశిర కార్తె వచ్చి అయిదు రోజులైనా చోడవరంలో చినుకు లేదు. పొద్దుటినుంచి పడమటి గాలి వేడిగా కొట్టి, మూడు గంటలకి రావికమతం వైపు ఆకాశం నల్లబడింది గానీ, నల్లబడి ఊరుకుంది. పశువుల డాక్టరు వేంకటరమణమూర్తిగారి పన్నెండో రోజు భోజనాలయ్యేయి. గారెలు ఎన్ని మిగిలాయన్నది వేరే కథ.

అరుగు పక్కన డాక్టరుగారి జావా మోటారుసైకిలు స్టాండు వేసి ఉంది. ఆయనకి పిల్లల్లేరు. నడపగలిగినవాడికే బండి, తుప్పు పట్టించేవాడికి కాదు అని అన్నగారు రామచంద్రమూర్తి తాళం చేత్తో పట్టుకుని తేల్చేశారు.

స్తంభం పక్కన నిలబడ్డ పరదేశి ఆ మాటకి తాళం వైపు చూసేడు. అతను పదేళ్ళుగా డాక్టరుగారి కాంపౌండరు. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చునేవాడని ఊరందరికీ తెలుసు. డాక్టరుగారికి చూపు మందగించాక, మూడేళ్ళనుంచీ ఊరి పొలిమేర దాటగానే బండి ఆపి ఇద్దరూ చోట్లు మార్చుకునేవారని ఎవరికీ తెలియదు. కాంపౌండరు వెనక డాక్టరు కూర్చుంటే ఏం బాగుంటుంది? తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ పొలిమేర దగ్గర మార్పు. ఆ మాట ఇప్పుడు బయటపెడితే పోయినాయన పరువు పోతుంది. పెట్టకపోతే బండి పోతుంది. వానలు పడితే పశువులకి గాలికుంటు జబ్బు వస్తుంది, పల్లెలకి నడిచి ఎన్నింటికని వెళ్తాడు?

ఈలోగా మేనల్లుడు కామేశం అందుకున్నాడు.

"అరవై ఎనిమిది ఆగస్టు. వడ్డాదిలో ఆవు ఈనలేకపోతోందని కబురొచ్చింది. మావయ్యకి జ్వరం. బండి తీసుకుని నేనే వెళ్ళేను. వానలో వెళ్ళేను, అంతే, పెద్ద విశేషం కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దేరు పొంగిపోతోంది. ఈ గట్టున పది చెరకు బళ్ళు ఆగిపోయేయి. నేను ఆగుతానా? అరవై మైళ్ళ స్పీడులో గట్టు మీంచి ఎగిరించేను. కింద ఎద్దులు తలెత్తి చూస్తున్నాయి, పైన నేను."

ఆ రోజు బస్సెక్కి వడ్డాది వెళ్ళి ఆవుకి మందు పోసింది పరదేశే.

"ఆగస్టులో సెరకు బళ్ళేటి బాబూ?" అన్నాడు వడ్డాది రైతు పెదబాబు. "కోతలు పుష్యంలో గదా."

"అది విత్తనం చెరకు, పెదబాబూ. నువ్వు విను. ఏటి నట్టనడుమ, ఆకాశంలో, ఇంజను ఆగిపోయింది. కింద సుడిగుండం. ఇంకొకడైతే ఏడుస్తాడు. నేను హేండిల్ వదిలేసి పంచె బిగించుకుని, కుడికాలితో కిక్కు మీద ఒక్క తన్ను తన్నేను. రెండో తన్నుకి స్టార్టయింది. ఆ ఊపుకి వడ్డాది దాటిపోయి రావికమతంలో బెల్లం పెనంలో దిగేను. పెట్రోలు అయిపోయింది. చెరకు రసం పోసేను. ఇంటికొచ్చేసరికి సైలెన్సరులోంచి బెల్లం దిమ్మలు పడుతున్నాయంటే నమ్ముతారా?"

ఎవరూ నమ్మలేదు. కానీ పన్నెండు రోజులుగా ఏడ్చిన ఇల్లు మొదటిసారి నవ్వింది, చిక్కంతా అక్కడే వచ్చింది. రామచంద్రమూర్తిగారు కళ్ళు తుడుచుకుంటూ, తమ్ముడి బండికి తగ్గవాడు వీడేనంటూ కామేశం వైపు తాళం చాచేరు.

"బావగారూ, ఒక్క నిమిషం." తలుపు చాటునుంచి డాక్టరుగారి భార్య విశాలాక్షి. "కామేశం, ఒకసారి స్టార్టు చెయ్యి నాయనా. ఆ చప్పుడు విని పన్నెండు రోజులైంది."

కామేశం దర్జాగా ఎక్కి తాళం పెట్టేడు. కుడికాలు కిందకి చాచి వెతికేడు. బ్రేకు తగిలింది. దాన్నే తన్నేడు. బండి పలకలేదు. వంగి చూసేడు, ఇంకా వంగి చూసేడు.

"కిక్కు పెద్దేట్లో గాని పడిపోనాదేటి బాబూ?" అన్నాడు పెదబాబు.

"ఆ బండికి కుడివైపు కిక్కు ఎప్పుడూ లేదురా," అంది విశాలాక్షి. "ఎడమ పక్క ఒకటే కడ్డీ. పైకి తిప్పితే కిక్కు, దించితే గేరు. పరదేశీ, నువ్వు కొట్టు."

"నాకేటి తెలుసమ్మా?"

"పొలిమేర అవతల ఎవరు నడిపేవారో నాకు తెలుసు. ఆయనే చెప్పుకుని నవ్వేవారు. నువ్వు దాచినంత ఆయన దాచలేదు."

పరదేశి పెట్రోలు ట్యాపు తిప్పేడు. కడ్డీ పైకి లేపి ఎడం కాలితో ఒక తన్ను తన్నేడు. రాలేదు. రెండో తన్నుకి బండి అందుకుంది. విశాలాక్షి తలుపుకి తల ఆనించి, చప్పుడు ఆగేదాకా అలాగే నిలబడింది.

ఆ సాయంత్రం పెదబాబుని వెనక ఎక్కించుకుని, అతని ఎద్దుని చూడ్డానికి పరదేశి వడ్డాది వెళ్ళేడు. పొలిమేర దగ్గర బండి ఆగలేదు.

ఇల్లూ పొలమూ విశాలాక్షికి, చేతిగడియారం అన్నగారికి, రెయిన్‌కోటు పెదబాబుకి, మందుల పెట్టె, జావా పరదేశికి వచ్చేయి. కామేశానికి ఏమీ రాలేదు. కథ మాత్రం ఇప్పటికీ చెబుతాడు. అందులో కిక్కు ఎడం కాలితో కొడతాడు.