తువ్వాలు చూసి లేచిన చెయ్యి

దస్తగిరమ్మ అని ఒకామె, నలభై ఏళ్లుంటాయి, బేస్తవారం వచ్చిందంటే పీర్ల సావిడికాడ ఊదొత్తి ముట్టించందే నోట్లో ముద్ద పెట్టేది కాదంట. తురకలామె కాదు, కాపులామె. వాళ్లమ్మకు బిడ్డలు నిలవకపోతే మాబున్ని అనే దూదేకులామె పీరుకు మొక్కించి, పుట్టిన పిల్లకు ఈ పేరు పెట్టించింది. మన పక్క ఇట్లాంటి పేర్లు ఇంటికొకటి ఉంటాయి, మీకు తెలియనిదా. ఆ మాబున్నే మంత్రసాని కూడా. దస్తగిరమ్మను ఈ భూమ్మీద మొదట పట్టుకున్న చేతులు ఆమెవే.

ఆడోళ్ల సీటు వచ్చిందని మొగుడు ఓబుల్‌రెడ్డి ఈమెను వార్డు మెంబరుగా నిలబెట్టినాడు. గెలిచింది ఈమె, దండ వేయించుకున్నది ఆయన. మీటింగులో ఈమె కుర్చీలో కూచుంటే ఆయన వాకిలికాడ బెంచీ మీద కూచునేవాడు. నేను తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చినాననుకో, నువ్వు చెయ్యెత్తు, లేకుంటే ఊరకుండు, ఆ మాటలన్నీ వినే తలనొప్పి నీకెందుకే అన్నాడంట. ఈమె కూడా హాయిగా వినడం మానేసింది. నవ్వకండమ్మా, మీ ఇళ్లల్లో తువ్వాళ్లు లేవా?

ఒకరోజు ఏమైందంటే, రాములోరి గుడికి నెలంతా మైకు పెట్టుకోవాలని తీర్మానం వచ్చింది. సర్పంచి గంగిరెడ్డి లేచి, ఎవరి దేవుణ్ణి వాళ్లు కొలుచుకుంటారు, కాదనడానికి మనమెవరం అన్నాడు. అందరి చేతులూ లేచినాయి. ఆ నోరు ఇంకా మూతపడకముందే, వీధి అందరిదీ, పీర్ల పండగకు నడివీధిలో నిప్పుల గుండం తవ్వేది ఇంక కుదరదు అన్నాడు. గుండం లేందే పీర్లు బయటికి రావు గదా. అందుకే కొందరు చేతులు ఎత్తలేదు. ఇటు ఎంతమందో అటూ అంతే. మిగిలింది దస్తగిరమ్మ. ఆమె తువ్వాలు చూస్తా ఉంది. తువ్వాలు కదిలింది. చెయ్యి లేచింది. చప్పట్లు కొట్టినారంట.

కొళాయికాడ ఆడోళ్లు చెబితేగానీ తాను దేనికి చెయ్యెత్తిందో ఈమెకు తెలియలేదు. బిందె అక్కడే వదిలేసి ఇంటికి ఉరికింది. 'ఎందుకు మార్చినావయ్యా తువ్వాలు?' అంటే, 'నేనేడ మార్చినా? మెడమీద ఈగ వాలితే విదిలించినా. పోనీలే, సర్పంచి సంతోషపడినాడు' అన్నాడు. మొగుణ్ణి తిట్టుకునే దారి కూడా లేకపోయె. ఈగ మాట మీద పీర్లను ఆపింది తానే.

బేస్తవారం సావిడికి పోయింది. మెట్టుమీద మాబున్ని. ఈమె కుడిచెయ్యి కొంగులో దాచుకుంది, చూడండి, ఊదొత్తి ఎడంచేత్తో పట్టుకుని. 'మైకుకు లేచిన చేతులే మా గుండం పూడ్చనీకీ లేచినాయంట బిడ్డా. నీది తెలిసే లేచిందా?' అనింది ముసల్ది. 'లేదవ్వా, తెలీక.' 'తెలిసి ఎత్తింటే నీతో కొట్లాడేదాన్ని. తెలీదంటే నేనేం మాట్లాడేది?' అని పక్కకు జరిగి దారి ఇచ్చింది. తిట్టినా బాగుండేది. దస్తగిరమ్మ ఊదొత్తి ముట్టించలేక అట్లే వెనక్కొచ్చేసింది.

ఆ తర్వాతి మీటింగులో లేచి నిలబడి, వినకుండా చెయ్యెత్తినా, నాది తప్పు, ఆ తీర్మానం రద్దు చేయండి అనింది. అంతా పకపకా నవ్వినారు. ఓబుల్‌రెడ్డి ఈగ సంగతి టీ కొట్టుకాడ ఎప్పుడో చెప్పేసినాడు మరి. 'ఏం వదినా, మళ్లా ఈగ వాలిందా?' అన్నాడు గంగిరెడ్డి. రద్దు చేయాలన్నోళ్లు ఎత్తండి అంటే ఒక్క చెయ్యే లేచింది. మొదట ఒప్పుకోనోళ్లు కూడా, అయిపోయినదానికి కొట్లాటెందుకని నేల చూస్తా కూచున్నారు. బెంచీ మీద తువ్వాలు మాత్రం కదల్లేదు. ఆ యేడు గుండం తవ్వలేదు, పీర్లు సావిడి దాటలేదు.

ఒక్క చెయ్యి లేస్తే ఏమొరిగిందని అడుగుతారు మీరు. ఏమీ ఒరగలేదు. మళ్లా ఎన్నికల్లో దస్తగిరమ్మ, మొగుడు వద్దన్నా, తనంతట తానే సర్పంచికి నిలబడి ఓడిపోయింది. ఓబుల్‌రెడ్డి కూడా ఆమెకు ఓటెయ్యలేదంట.