జడ్సన్ దాటేసిన రొట్టె ముక్క

కోట మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల రొట్టె పంచడం అయి గుడి వదిలినాక, రొయ్యల గుంట చేసుకునే జడ్సన్ వరండాలో కూలబడినాడు. భార్య డెబోరా ఎదురుగా నిలబడింది.

"తల అంత కిందికి దించుకోబాక. జరిగిందేదో జరిగిపోయింది. లేచి కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా."

"అందరూ చూసినారే. రొట్టె పళ్ళెం నా దగ్గరికి వచ్చింది, ముక్క తీసుకోకుండా పక్కాయనకి ఇచ్చేసినా. అంతే. గుడి మొత్తం మెడలు తిప్పింది."

"నాకు స్తంభం అడ్డం, నువ్వు కనపడలా. మెడలు తిరగడం మటుకు చూసినా. తిప్పరా మరి? ప్రభువు బల్ల దగ్గర రొట్టె వద్దన్నాడంటే లోపల ఏదో పాపం పెట్టుకున్నట్టే. దొంగతనమో, ఇంకో సంసారమో."

"ఇంకో సంసారమా. ఉన్న సంసారంలోనే జొన్నరొట్టె ఇంటి పెంకులాగా కాల్చి పెడతా ఉంటే."

"గోధుమ వద్దనింది నువ్వే కదయ్యా. ఫోన్లో ఎవడో గడ్డపాయన చెప్పినాడని."

"గ్లూటెన్ అంటారే దాన్ని. గోధుమలో ఉండే జిగురు. కొందరి పేగులకి అది పడదంట. సీలియాక్ అని జబ్బు. కడుపుబ్బరం, నీరసం, మనిషి చిక్కిపోవడం..."

"చిక్కిపోవడమా."

"సరే, అదొక్కటి నాకింకా రాలా. మిగతావన్నీ ఉండాయి. రెండు చపాతీలు తింటే చాలు, కడుపులో ఎండ్రకాయల బుట్ట తిరగేసినట్టు గరగర."

"రెండు తింటే కాదు. ఆరు తింటే."

"ఆరే అనుకో."

"మూడు పూటలా అన్నం తినే ఊరయ్యా ఇది. మీ తాత గోధుమ చేను చూసిన పాపాన పోలా. నీకొచ్చి పడింది గోధుమ జబ్బు."

"నేనూ అదే అనుకున్నా. వరి తినే దేశం, గోధుమ మానేయడం ఎంతసేపులే అని. మానేసినాక కదా తెలిసింది. పూరీ పాయ, ఉప్మా పాయ, టీలోకి బిస్కెట్టు పాయ, మలై కాజా పాయ. ఆఖరికి సాంబారులో ఇంగువ. డబ్బా మీద చూస్తే మైదా. ఇంగువలో మైదా ఎందుకే?"

"నువ్వు అద్దాలు పెట్టుకుని అంగట్లో డబ్బాలన్నీ తిప్పి తిప్పి చదవతా ఉంటే, అంగడి సుభాషిణక్క నన్ను పక్కకి పిలిచింది. మీ ఆయన ఎప్పుడు తనిఖీ ఆఫీసరయినాడు, కాఫీ ఇప్పించాలా అని."

"ఇప్పించాల్సింది. కాఫీలో గోధుమ లేదు."

"ఇంతా చేసి, తగ్గిందా?"

"తగ్గినట్టే ఉండాది. జిగురు మానేసినందుకు తగ్గిందో, ఆరు చపాతీలు మానేసినందుకు తగ్గిందో మాత్రం చెప్పలేను."

"నెల్లూరు డాక్టరమ్మ ఏమనిందో అది ఇంకోసారి చెప్పు. నవ్వుకుని చాలా రోజులయింది."

"నవ్వు. రక్తపరీక్ష చేయండి మేడమ్ అన్నా. గోధుమ తింటా ఉండారా అనింది. ఎప్పుడో మానేసినానని గొప్పగా చెప్పినా. మానేస్తే పరీక్షలో ఏమీ తేలదు, పోయి కొన్ని వారాలు రోజూ తిని అప్పుడు రమ్మనింది. జబ్బుందో లేదో చూడాలంటే ముందు జబ్బు చేసుకుని రావాలంట."

"డాక్టరే తినమంటే, గోరంత ముక్క, అదీ దేవుడి రొట్టె, దాన్ని దాటేసి వచ్చినావు."

"భయమేసిందే. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తా ఉంటే, మధ్యలో నా కడుపు సాక్ష్యం చెప్పడం మొదలుపెడితే?"

"నీ కడుపు గోల ఎవరికీ వినపడదు. ఊరి గోల వినపడతాది. వాళ్ళు ఏమనుకుంటా ఉంటారో నీకు తెలుసు. దొంగతనం కాదు, సంసారం కాదు. మాథ్యూ బావ సంగతి."

"మా అన్న పేరు ఎత్తబాక."

"నేను ఎత్తకపోతే పాస్టరుగారు ఎత్తరా? రొట్టె విరిచే ముందు ప్రతినెలా చెప్పేది అదే కదా. తోడబుట్టినోడి మీద పగ పెట్టుకుని ఈ బల్ల దగ్గరికి రావద్దు, ముందు పోయి సమాధానపడు అని. మన గుంటలో రొయ్యలు చచ్చింది బావ వదిలిన నీళ్ళ వల్లేనని నువ్వు. కాదని ఆయన. అప్పట్నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. రొట్టె మటుకు ఇద్దరూ నెలనెలా మింగతానే ఉండారు. ఈరోజు నువ్వు మింగలా."

"జడ్సన్ అంత నిజాయితీ గలవాడు లేడనుకుంటారు, అంతే కదా. అనుకోనీ."

"ఆ నిజాయితీ కడుపుబ్బరమని తెలిస్తే?"

"మెల్లగా. ఎవరో గేటు తీసినారు."

"లెయ్."

"ఎవరే?"

"మీ అన్న. ఒక్కడే వస్తా ఉండాడు. చొక్కా గుండీలు పెట్టుకో. ఒక్క మాట విను. గోధుమ అనే మాట నీ నోట్లోంచి రాకూడదు. నీకు మనసొప్పక రొట్టె తీసుకోలేదనుకుని వస్తా ఉండాడు. అట్నే అనుకోనీ. ఇంకెప్పుడు కలుస్తారయ్యా మీరిద్దరూ?"

"అబద్ధం కదే అది."

"అబద్ధం కాదు, మాట్లాడకపోవడం. ఇన్నాళ్ళూ చేసిందే కదా, ఇంకాసేపు చెయ్. రండి బావా, రండి. కూర్చోండి."

"ఉండనీమ్మా డెబోరా. నిలబడే చెప్పి పోతా. ఏరా."

"ఏం అన్నా."

"బాగుండావా."

"బాగుండా."

"మజ్జిగ తెస్తా బావా. మాట్లాడుకుంటా ఉండండి. నువ్వు మటుకు తక్కువ మాట్లాడు."

"జడ్సన్, ఈరోజు బల్ల దగ్గర..."

"అన్నా, అదీ..."

"చెప్పనీరా. మళ్ళీ నోరు రాదు నాకు. బల్ల దగ్గర పళ్ళెం వచ్చినప్పుడు..."

"తెలుసన్నా. నువ్వేమనుకుని వచ్చినావో తెలుసు. డెబోరా తిడితే తిట్టనీ, నేను దాచలేను. నేను రొట్టె తీసుకోనిది నీ కోసం కాదు. నాకు గోధుమ పడడంలా. పడడంలేదో, పడడంలేదని అనుకుంటా ఉండానో, అది కూడా తేలలా. గోధుమలో ఒక జిగురుంటాది..."

"జిగురా?"

"పేగులకి పడదు. నన్ను పొడిచింది మనసాక్షి కాదన్నా, కడుపు. దానికోసం నువ్వు ఇంత దూరం నడిచొస్తే, పెద్దమనిషి లాగా కూర్చోడం నావల్ల కాదు. ఇప్పుడు ఎనక్కి పోతే పో. ఏమీ అనుకోను."

"నువ్వు రొట్టె తీసుకోలేదా?"

"అదేందన్నా. గుడి అంతా చూసింది కదా. మెడలు తిప్పి మరీ."

"నేను చూళ్ళా. నీ ఎనక వరసలోనే కూర్చోనుండా. తల ఎత్తలా."

"చూళ్ళేదా? మరి ఊరంతా నన్ను..."

"నిన్ను కాదురా. నీ ఎనక నన్ను."

"నిన్నెందుకు చూస్తారు? నువ్వూ తీసుకోలేదా? నీక్కూడా కడుపేనా అన్నా?"

"నాకు గోధుమలు బాగానే పడతాయిరా."