సీసా మీద లేని చేప

"మీరు దొంగలండీ! జనానికి సేపనూనె తాగించి సూక్ష్మజీవుల నూనె అని అమ్ముతారా?"

ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ కలిసుండే లంజిపల్లిలో నూనెల వ్యాపారి శ్యామసుందర్ ఇల్లు. అడిగింది భార్య కామాక్షి.

"మెల్లగా! అమ్మ పూజలో ఉంది. ఎవరు సెప్పారు నీకు?"

"సేపలమ్మే దేముడమ్మ. సోనేపూర్ రేవు నుంచి డబ్బా మోసుకొచ్చింది. హల్దియాపదర్‌లో మీ గోడౌనుకి తాళమేసుందట. 'బాబుగారి సేపనూనెమ్మా' అని గేటు కాడ నిల్సుంది."

"ఇంటికి రావద్దన్నాను కదా దాన్ని!"

"దాన్నేటి తిడతారు? లేబులు మీద ఏటి రాయించారు? 'ట్యాంకుల్లో పెంచిన సూక్ష్మజీవుల నుంచి తీసిన ఒమేగా కొవ్వు. చేప లేదు.' ఏదండీ, సేప లేదా?"

"మొదట్లో అదే కదే తెప్పించాను హైదరాబాద్ నుంచి! సరుకు ఆగిపోయింది. ఆర్డర్లు ఆగుతాయా? అయినా సేపకి ఆ కొవ్వు ఎక్కడిది? సముద్రంలో ఆ జీవులు చేసిందే, తిండిలో దానికి చేరింది. రెండూ ఒకటే."

"ఒకటే అయితే సీసా మీద సేప బొమ్మ ఎయ్యండి."

"సేప ముట్టని మనవాళ్లు కొంటారా?"

"మనవాళ్లే! భజనకొచ్చిన ఆడాళ్లకి నేనే కదా పాఠం సెప్పాను! కంటికి కనపడని జీవులు, తిండి పెడితే ఒంట్లో మంచి కొవ్వు కడతాయి, దాన్నే తీస్తారు, తాగండీ అని! ఎదురింటి ఒడియా మాఉసి, అదే పిన్నిగారు, కార్తీకమని సేప మానింది. ఆవిడకీ నా సేత్తోనే పోశాను. ఏ మొహం పెట్టుకుని వీధిలోకెల్లను?"

"నారింజ ఎసెన్సు కలిపానే. ఎవరికీ వాసన..."

"సిగ్గు లేదూ? అత్తయ్యకి రోజూ సెంచాడు పోస్తున్నాను! దేముడమ్మ మెట్టెక్కితే పసుపునీళ్లు జల్లే మనిషికి! ఆవిడే కాదు, ఇందాక నేనూ అంతే... దాన్ని గేటు బయటే ఉండమన్నాను. నేనే అన్నాను."

"అరవకే."

"అత్తయ్యకి తెలిస్తే ఏటైపోద్ది? మీరు సెప్తారా, నేను సెప్పనా?"

"వద్దు."

"సెప్తాను. అత్తయ్యా..."

"ఆగు కామాక్షీ! అమ్మకి తెలుసు."

"ఏటి?"

"మొదటి సెంచాకే పట్టేసింది. 'ఒంటికి పడింది, మాననురా. లేబులు మాత్రం మార్చకు' అంది."

"తెలిసే తాగుతోందా! తాగుతూనే దేముడమ్మ ఎక్కిన మెట్టుకి పసుపునీళ్లా?"

"ఇప్పుడేటి సెయ్యమంటావు?"

"లెగండి. అమ్మిన సీసాలన్నీ ఎనక్కి తెప్పించండి, కొన్నవాళ్లందరికీ నిజం సెప్పండి. అంతకంటే ముందు ఎల్లి దేముడమ్మని వంటింట్లోకి తీసుకురండి. అత్తయ్య తన సేత్తో పీట వేసి అన్నం పెట్టాలి. ఇప్పుడే, నా కళ్లెదట!"